కండరముల పట్టు: ఉపశమన మార్గములు
(ఆరోగ్య ప్రసంగము)

సత్తెనపల్లినుండి పిడుగురాళ్లకు పోవు దారిలో రాజుపాలెము కలదు. చుట్టును ప్రత్తి, మిరప చేలు. వేసవిలో నడిరేయి దాటినను చల్లబడని గోడలు. ఆ యూరిలో ఒక ఇంటిని శ్రోతలు ఊహించుకొనవలెనని కోరుచున్నాను. ఆ ఇంటి ఇల్లాలికి ముప్పదిరెండేండ్లు. ఆరేండ్ల క్రిందట ఒక కంటికి మసక క్రమ్మి, కొన్ని వారములకు దానంతట అదియే తగ్గెను. మరి రెండేండ్లకు నడుము క్రిందిభాగము మొద్దుబారెను. అదియు కొంత తగ్గెను. ఇప్పుడామె చేతికఱ్ఱ సాయమున నడచుచున్నది. పగలు ఎట్లో గడచిపోవును. రాత్రి రెండుగంటల వేళ కుడికాలు ఉన్నట్టుండి కొయ్యవలె చాచుకొని బిగిసిపోవును. పిక్క రాయివలె గట్టిపడును. ఆమె కేకకు భర్త లేచి మోకాలిని బలవంతముగా వంచజూచును. ఆయన ఎంత వంచజూచిన కాలు అంత బిగియును. అత్తగారు పొయ్యి వెలిగించి వేడినీళ్ల కాపడము పెట్టును. పిల్లలు మేలుకొని బిక్కమొగములతో చూతురు. తెల్లవారిన పిమ్మట ఇరుగుపొరుగువారిలో ఒకరు వాతమందురు, ఒకరు నరముల బలహీనత యందురు, ఒకరు దిష్టి తగిలినదందురు.

ఈ ఇల్లు ఊహ. అందలి బాధ ఊహ కాదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అను నాడీవ్యాధి కలవారిలో అధికసంఖ్యాకులు ఏదో ఒక దశలో ఇట్టి కండరముల బిగువును, పట్టును అనుభవింతురు. దీనిని పూర్తిగా పోగొట్టుట అన్నివేళల సాధ్యము కాకపోవచ్చును. కాని తగ్గించుట, రాత్రినిద్రను కాపాడుట చాలవఱకు సాధ్యము. అందు సగము పని వైద్యునిది, సగము పని ఇంటివారిది. ఆ రెండవ సగమును గూర్చియే నేడు విశేషముగా చెప్పదలచితిని.

వ్యాధి స్వరూపము

1868వ సంవత్సరమున పారిస్ నగరమందలి సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అను వైద్యుడు ఈ వ్యాధిని సమగ్రముగా వర్ణించి, దీనికొక ప్రత్యేకస్థానమును కల్పించెను. స్క్లీరోసిస్ అనగా గట్టిపడుట. మెదడులోను, వెన్నుపాములోను అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనబడుటచే ఆ పేరు వచ్చినది. విద్యుత్తు తీగకు పైన రబ్బరు తొడుగు ఉన్నట్లు మన నాడీతంతువులకు మైలిన్ అను క్రొవ్వు తొడుగు కలదు. శరీరమును రక్షింపవలసిన శక్తియే దారి తప్పి ఈ తొడుగును దెబ్బతీయును. తొడుగు పోయిన తీగలో వార్త మెల్లగా పోవును, లేదా మధ్యలో ఆగిపోవును. దెబ్బ ఏ చోట తగిలినదో దానినిబట్టి చూపు, నడక, స్పర్శ, మూత్రముపై అదుపు మున్నగునవి చెడును.

ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమును కాదు. 2020లో వేసిన అంచనా ప్రకారము ప్రపంచమున సుమారు 28 లక్షలమందికి ఈ వ్యాధి కలదు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములతో పోల్చిచూచినచో మన దేశమున ఇది తక్కువ. సాధారణముగా ఇరువది నలువది ఏండ్ల నడుమ ఆరంభమగును. పురుషులకంటె స్త్రీలలో రెట్టింపునకు మించి కనబడును. అనగా ఇల్లు నడుపు వయస్సులో, పిల్లలను పెంచు వయస్సులో వచ్చి పడును. పూర్వము మన ప్రాంతమున దీనిని గుర్తించుట కష్టముగా నుండెను. ఎం.ఆర్.ఐ. పరీక్ష అందుబాటులోనికి వచ్చిన పిమ్మట మెదడులోని, వెన్నుపాములోని మచ్చలను కంటితో చూచుటకు వీలైనది.

కండరము ఏల బిగియును?

కండరమునకు 'బిగియుము' అను ఆజ్ఞ మాత్రమే మెదడునుండి పోవునని అనేకులు తలంతురు. 'ఇక చాలును, వదలుము' అను ఆజ్ఞయు అక్కడినుండియే పోవును. వెన్నుపాము స్వతంత్రముగా కొన్ని పనులు చేయగలదు. కండరమును ఎవరైన సాగదీసినచో వెంటనే దానిని ముడుచుట అందులో నొకటి. మెదడు పగ్గము పట్టుకొనియున్నంతకాలము ఈ ముడుచుట మితముగా నుండును. పగ్గము సడలిన కోడె చిన్న అదలింపునకే పరుగెత్తినట్లు, మెదడునుండి దిగివచ్చు దారులు దెబ్బతిన్నచో కండరము చిన్న కదలికకే బిగిసిపోవును.

ఎల్లప్పుడు ఉండు గట్టితనమును బిగువు అందము. ఆకస్మికముగా వచ్చి, కాలిని చాచియో ముడిచియో, బాధపెట్టి పోవుదానిని పట్టు అందము. ఈ రెండింటికి మూలము కండరములో లేదు, నాడీమార్గములో కలదు. కావున ఎంత తైలము మర్దించినను, ఎన్ని బలపు సూదిమందులు పొడిపించుకొనినను మూలకారణము తొలగదు. మృదువైన మర్దనము కొంత హాయిని ఇచ్చుట నిజమే. కాని పిండిపిసికినట్లు గట్టిగా తోమినచో పట్టు హెచ్చును.

పట్టు వచ్చిన క్షణమున

ఇప్పుడు ఆ ఇంటి భర్త చేసిన పనిని మరల తలచుకొందము. ఆయన ప్రేమతోనే చేసెను, కాని తొందరగా చేసెను. బిగిసిన కాలిని వేగముగా వంచుట వెన్నుపామును మఱింత రెచ్చగొట్టుట. మొదట రోగిని ఊపిరి బిగబట్టవద్దని, నెమ్మదిగా వదలుమని చెప్పవలెను. ఒక చేయి మోకాలి క్రిందను, ఒక చేయి మడమ క్రిందను ఉంచి, కాలి బరువును తాను మోయుచు, తొందర లేక ఒకే తీరున ఒత్తిడి నిలుపవలెను. గుంజరాదు, విడిచి విడిచి నొక్కరాదు. కొంతసేపటికి కండరము తానే సడలుట చేతికి తెలియును. అప్పుడు తుంటిని, మోకాలిని కొంచెము కొంచెముగా వంచవలెను.

పిక్క పట్టినచో పాదమును అరచేతితో నిండుగా పట్టుకొని మోకాలివైపునకు మెల్లగా త్రోయవలెను. వ్రేళ్లకొనలను మాత్రము పట్టి లాగరాదు. పాదము టకటక కొట్టుకొనుట ఆరంభించినచో, రోగిని మంచముప్రక్కన కూర్చుండబెట్టి మడమ నేలకు ఆనునట్లు నిండుపాదము మోపించి, మోకాలిపై చేతితో క్రిందికి అదిమియుంచిన అది ఆగును.

కాపడమును గూర్చి ఒక హెచ్చరిక. ఈ వ్యాధిలో చర్మమునకు వేడి తెలియకపోవచ్చును. రోగి 'వేడిగా లేదు' అన్నంతమాత్రమున నీరు వేడిగా లేదనుకొనరాదు. చర్మము కాలి బొబ్బ లేచినచో ఆ బొబ్బయే మరునాటి పట్టునకు కారణమగును. అది ఎట్లో ఇప్పుడు చెప్పెదను.

పట్టును పురికొల్పునవి

దెబ్బతిన్న చోటికి దిగువనున్న శరీరభాగములో ఎక్కడ ఏ బాధ కలిగినను, రోగికి ఆ బాధ తెలియకపోయినను, వెన్నుపామునకు తెలియును. అది తన సమాధానమును పట్టు రూపమున చెప్పును. కావున పట్టులు ఉన్నట్టుండి హెచ్చినచో వ్యాధి ముదిరినదని బెంగపడుటకు ముందు, మందు హెచ్చింపుడని వైద్యుని అడుగుటకు ముందు, ఇంటివారు కాలిగోరునుండి నడుమువఱకు వెదకి చూడవలెను.

అన్నిటికంటె మొదట చూడవలసినది మూత్రాశయము. అది నిండియుండుట, పూర్తిగా ఖాళీకాకుండుట, అందు క్రిములు చేరుట పట్టులకు మిక్కిలి సామాన్యమైన కారణములు. మూత్రము మబ్బుగా నుండి దుర్గంధము కొట్టినను, చలిజ్వరము వచ్చినను పరీక్ష చేయింపవలెను. ఇచ్చట మన పల్లెలలోని ఒక దుఃఖకరమైన అలవాటును చెప్పక తప్పదు. మరుగుదొడ్డికి పోవుట కష్టమని, మాటిమాటికి ఒకరి సాయము అడుగుటకు సిగ్గని, ఇట్టి స్త్రీలు మంచినీరు త్రాగుట మానుకొందురు. నీరు తగ్గుటచే మూత్రము చిక్కబడి మండును, మలము గట్టిపడును, రెండును కలిసి రాత్రి కాలిని బిగించును. సిగ్గుచే మానిన చెంబెడు నీరు రాత్రి కేకగా తిరిగివచ్చును. వైద్యుడు వలదని చెప్పినవారు తప్ప మిగిలినవారు పగటిపూట నీరు చాలినంత త్రాగి, సాయంకాలము తరువాత తగ్గించుకొని, నిర్ణీతవేళలకు మూత్రవిసర్జనము చేయుట మంచిది. మూత్రము పూర్తిగా రానివారికి సన్నని గొట్టముతో తామే వేళకు తీసికొను పద్ధతిని ఆసుపత్రిలో నేర్పుదురు. మంచముచెంత ఒక బెడ్‌పాన్, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు గోడకు బిగించిన ఒక ఇనుపకడ్డీ, కూర్చుండుటకు ఎత్తుపీట: ఇవియును ఔషధములవంటివే.

రెండవది మలబద్ధము. ఆకుకూరలు, పొట్టుతీయని పప్పులు, జొన్నరొట్టె, పండ్లు, నీరు దీనికి మేలు చేయును. మూడవది చర్మము. తుంటి, వెన్నుచివర, మడమలు ప్రతిదినము చూడవలెను. ఎఱ్ఱబారి, వ్రేలితో నొక్కినను ఎఱుపు పోనిచో అది పుండునకు ఆరంభము. రెండుగంటల కొకసారి ప్రక్క మార్చవలెను. నాల్గవది చిన్నచిన్న విషయములు: మాంసములోనికి పెరిగిన కాలిగోరు, బిగుతుగా కట్టిన లంగా బొందు, చెప్పులోని గులకరాయి, పాదముపై బరువైన దుప్పటి. దుప్పటి బరువునకే వ్రేళ్లు ముడుచుకొని పట్టు ఆరంభమగువారు కలరు. అట్టివారి పాదములవైపు మంచముమీద ఒక తేలికయైన బుట్టను బోర్లించి, దానిపై దుప్పటి పరచినచో పాదములు స్వేచ్ఛగా నుండును.

కారణము కనుగొనుటకు గోడమీది క్యాలెండరు చాలును. దినమునకు ఎన్ని పట్టులు, ఏవేళ, ఎంతసేపు, ఆనాడు ఏమి జరిగినది అని రెండుమాటలు వ్రాసియుంచవలెను. వైద్యులు పట్టులను కొలుచు ఒక పద్ధతి ఇట్లున్నది: పట్టులు లేకున్న సున్న, తాకినప్పుడు మాత్రము స్వల్పముగా వచ్చినచో ఒకటి, గంటకు ఒకటికి తక్కువగా వాటంతట అవియే వచ్చినచో రెండు, గంటకు ఒకటికి మించినచో మూడు, పదింటికి మించినచో నాలుగు. నెలదినముల లెక్క చూపినచో వైద్యునికి అరగంట మాటలకంటె అది ఎక్కువ చెప్పును.

రోహిణి ఎండలు

పల్నాటి ఎండలను గూర్చి పల్నాటివారికి చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు వేసవి వార్తలలో ఏటేట వినబడుచునే యుండును. రోహిణికార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. ఆ కార్తెలోనే, మే 30వ తేదీన, ప్రపంచ మల్టిపుల్ స్క్లీరోసిస్ దినము వచ్చుట మనకొక జ్ఞాపికవలె నున్నది.

1890లో ఊట్‌హోఫ్ అను జర్మను నేత్రవైద్యుడు ఈ రోగులలో ఒక వింతను గమనించెను. శ్రమచేసి ఒడలు వేడెక్కినచో వారి చూపు తాత్కాలికముగా మసకబారును. తొడుగు పోయిన తంతువులో వార్త పోవుట వేడికి మఱింత కష్టమగుటయే కారణము. ఒకప్పుడు రోగిని వేడినీటితొట్టిలో కూర్చుండబెట్టి, లక్షణములు హెచ్చినచో వ్యాధి కలదని నిర్ణయించు పరీక్షయు ఉండెను. అది నేడు విడువబడినది. వేడివలన కలిగిన నీరసము, మసక, తడబాటు ఒడలు చల్లబడగానే తగ్గును. క్రొత్తగా నాడికి హాని జరిగినట్లు కాదు. ఈ సంగతి తెలియక వేసవిలో అనేకులు నిష్కారణముగా భయపడుదురు.

కావున స్నానము గోరువెచ్చనికంటె చల్లగా నుండవలెను. మంచునీరు మాత్రము కూడదు. మిక్కిలి చలియు పట్టును రేపును. మెడకు, చేతులకు తడిగుడ్డ, కుండనీరు, నూలుబట్టలు, నీడగల గది, కూలరు ఉన్నచో కూలరు మేలు. ఇంటిపని, నడక, వ్యాయామము ప్రొద్దెక్కకమునుపే ముగింపవలెను. వంటయింటి పొగ, వేడి సోకు పనిని మధ్యాహ్నవేళ మరొకరు అందుకొనుట ఇంటివారు చేయగల పెద్ద ఉపకారము. జ్వరము వచ్చినచో వెంటనే తగ్గించుకొనవలెను. అదియు లోపలి ఎండయే.

నిత్యసాధన

ఈ రోగులు కదలకుండ విశ్రమింపవలెనని ఒకప్పుడు వైద్యులును చెప్పుచుండిరి. 1990ల నుండి జరిగిన పరిశోధనలు ఆ అభిప్రాయమును మార్చినవి. మితమైన వ్యాయామము వ్యాధిని హెచ్చింపదు. బలమును, ఉత్సాహమును నిలుపును. బిగువు కలవారికి సాగదీత నిత్యకృత్యము కావలెను. ఉపయోగములేని కండరము క్రమముగా పొట్టియగును. కీలు వంగినదివంగినట్లే నిలిచిపోవును. అట్లు బిగుసుకొనిన కీలును మందులు తిరిగి చాపలేవు.

ఉదయము ఒకసారి, పడుకొనుటకు ముందు ఒకసారి సాగదీయవలెను. పిక్క, తొడ వెనుకభాగము, తొడ లోపలిభాగము, తుంటి ముందుభాగము ముఖ్యములు. ఒక్కొక్కదానిని నొప్పి పుట్టకుండునంతవఱకు మెల్లగా చాపి, ముప్పది మొదలు అఱువది లెక్కించువఱకు నిలిపి, మెల్లగా వదలవలెను. ఎగురవేసినట్లు చేయరాదు. ఊపిరికి ఇబ్బంది లేనివారు దినమునకు ఇరువది నిమిషములు బోర్లపడుకొనినచో తుంటి ముందుకండరములు వాటంతట అవియే సాగును. నిలువగలవారు బల్లనో గోడనో ఆనుకొని కొంతసేపు నిలుచుట మంచిది. శరీరభారము మడమపై పడుట పిక్క బిగువును తగ్గించును. మొదటిసారి ఫిజియోథెరపీ నిపుణునిచెంత నేర్చుకొని, పిదప ఇంటిలో భర్తయో, అత్తగారో, ఎదిగిన బిడ్డయో చేయింపవచ్చును.

పడకయు చికిత్సలో భాగమే. కుంగిన నులకమంచమున నడుము వంగి, మోకాళ్లు ముడుచుకొని పోవును. చదునైన మంచము, గట్టి పఱుపు మేలు. ప్రక్కకు పడుకొని రెండు మోకాళ్ల నడుమ దిండు ఉంచుకొనినచో తొడలు ఒకదానినొకటి పట్టుకొనుట తగ్గును. వెల్లకిల పడుకొనువారు మోకాళ్ల క్రింద దిండును రాత్రియంతయు ఉంచరాదు. హాయిగా నున్నను మోకాళ్లు వంపుపడును.

ఔషధములు

ఇంటి ఉపాయములు చాలనప్పుడు మందులు కలవు. ఏ మందు, ఎంత అనునది వైద్యుడే నిర్ణయింపవలెను. కాని రోగి ఇంటివారు తెలిసికొనవలసిన విషయములు కొన్ని కలవు.

అందు ముఖ్యమైనది బాక్లోఫెన్. 1962లో స్విట్జర్లాండులోని సీబా సంస్థయందు మూర్ఛరోగమునకై దీనిని తయారుచేసిరి. మూర్ఛకు అది అక్కరకు రాలేదు. కాని కండరముల బిగువును తగ్గించుట కనుగొనిరి. వెన్నుపాములో తగ్గిన 'వదలుము' అను ఆజ్ఞకు ఇది బలము చేకూర్చును. సామాన్యముగా 5 మిల్లీగ్రాముల చొప్పున ఆరంభించి, కొన్నిదినముల కొకసారి మెల్లమెల్లగా హెచ్చింతురు. నిద్రమత్తు, తలతిరుగుట కలుగవచ్చును. మూత్రపిండముల జబ్బు కలవారు ముందుగా ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను.

రెండు సంగతులు మఱువరాదు. మొదటిది: మందు హెచ్చయినచో కాళ్లు మెత్తబడి కూలిపోవును. కొందరు తమ కాలి బిగువునే ఊతగా చేసికొని నిలుచుచుందురు. ఆ బిగువును పూర్తిగా తీసివేయుట వారి చేతికఱ్ఱను లాగికొనుటవంటిది. బాధ తగ్గవలెను, నడక మిగులవలెను. ఈ తూకము కుదురువఱకు ఓర్పు వహింపవలెను. రెండవది: ఈ మందును హఠాత్తుగా మానరాదు. మానినచో పట్టులు విజృంభించుటయేగాక జ్వరము, మతిభ్రమ, మూర్ఛలు రావచ్చును. పండుగకు పుట్టింటికి పోవునప్పుడు, సీసాలో నాలుగుమాత్రలే మిగిలినప్పుడు ఈ మాట తలపునకు రావలెను. రెండువారములకు సరిపడు మాత్రలు ఎల్లప్పుడు ఇంటిలో నుండవలెను.

రెండవ మందు టిజానిడిన్. ఇది నోరెండించును, రక్తపుపోటును తగ్గించును. కాలేయమును అప్పుడప్పుడు పరీక్షింపవలెను. దీనిని వాడువారు సిప్రోఫ్లాక్సాసిన్ అను క్రిమిసంహారిణిని కూడ పుచ్చుకొనరాదు. రెండును కలిసినచో రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును. మూత్రములో మంటయని చెప్పగానే దుకాణములో సిప్రోఫ్లాక్సాసిన్ చేతికి వచ్చుట మన ఊళ్లలో సామాన్యము. కావున తాము వాడు మందుల చీటిని ఎక్కడికి పోయినను చూపవలెను. రాత్రి పట్టులకు గాబాపెంటిన్, డయజిపామ్ వంటివి కొందరికి ఇత్తురు. డయజిపామ్ అలవాటుగా మారగలదు గనుక జాగ్రత్త అవసరము.

మఱియొక విధమైన పట్టు కలదు. ఒక చేయియో కాలో అరనిమిషము మొదలు ఒకటి రెండు నిమిషములవఱకు తీవ్రముగా మెలితిరిగి, వదలి, దినమునకు అనేకసార్లు వచ్చును. దీనికి బాక్లోఫెన్ కంటె కార్బమజిపిన్ కొద్దిపాటి మోతాదులోనే చక్కగా పనిచేయును. ఒంటిపై దద్దుర్లు వచ్చినచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఇట్టి పట్టులు న్యూరోమైలైటిస్ ఆప్టికా అను దగ్గరి చుట్టమువంటి వ్యాధిలో మఱింత తఱచు. రెండింటి చికిత్స వేఱు గనుక ఏది యని తేల్చుకొనుట ముఖ్యము.

కొన్ని కండరములు మాత్రమే బిగిసినచో వానిలోనికి బొటులినమ్ సూదిమందు ఇత్తురు. దాని ప్రభావము సుమారు మూడునెలలుండును. ఏ మాత్రకును లొంగనివారికి చర్మము క్రింద చిన్న పంపును అమర్చి, బాక్లోఫెన్‌ను వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికే చుక్కచుక్కగా పంపు పద్ధతి 1980లలో ఆరంభమైనది. ఇది పెద్ద నగరములలో మాత్రమే జరుగు ఖరీదైన చికిత్స.

ఇవన్నియు బిగువును తగ్గించునవే గాని మూలవ్యాధిని ఆపునవి కావు. వ్యాధి తిరుగబెట్టుటను తగ్గించు మందులు వేఱుగా కలవు. 1993లో ఇంటర్‌ఫెరాన్‌తో అవి మొదలైనవి. వానిని ఎంత త్వరగా ఆరంభించిన అంత మేలు.

పోలికచే మోసపోవలదు

కాళ్లు బిగిసినవారందరికి ఇదే వ్యాధి యనుకొనరాదు. పల్నాటి మెట్టగ్రామములు కొన్నింట భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. 1937లో అప్పటి నెల్లూరు జిల్లానుండి ఈ ఫ్లోరైడు వ్యాధి వైద్యలోకమునకు వెల్లడియైనది. చిరకాలము అట్టి నీరు త్రాగినవారికి వెన్నెముక బిగిసి, ఎముక పెరిగి, వెన్నుపామును నొక్కినచో కాళ్లు ఇట్లే బిగియును. పండ్లపై గోధుమరంగు మచ్చలు దానికొక ఆనవాలు. వెన్నెముకకు పట్టిన క్షయ, బి12 విటమిను లోపము కూడ ఇట్టి బిగువును కలిగింపగలవు. ఇందు కొన్ని సకాలమున గుర్తించినచో నయమగునవి. కావున వాతమని, నరముల బలహీనతయని పేరుపెట్టి ఏండ్లు గడుపుట అన్నిటికంటె పెద్ద నష్టము.

కొలదిదినములలో కాళ్లు రెండును పడిపోయినను, మూత్రము నిలిచిపోయినను, చూపు తగ్గినను ఆలస్యము చేయరాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట్ల నాడీవైద్యులు కలరు. ముంబై కేంద్రముగా 1985లో ఏర్పడిన భారత మల్టిపుల్ స్క్లీరోసిస్ సంఘము రోగులకు, కుటుంబములకు సలహా సాయములు చేయుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని గుర్తించిన 21 వైకల్యములలో చేర్చినది. నూటికి నలువది వంతులకు తగ్గని వైకల్యమున్నదని ధ్రువపత్రము పొందినవారు ప్రభుత్వసహాయములకు అర్హులగుదురు. పైకి బాగుగానే కనబడు ఇల్లాలు 'నాకు ధ్రువపత్రమెందుకు' అని వెనుకాడవలసిన పనిలేదు.

ఇక మన రాజుపాలెపు ఇంటికి మరల పోదము. అదే రాత్రి, అదే గంట. కాలు బిగిసినది. ఈసారి భర్త మోకాలిని వంచబోలేదు. మడమ క్రింద చేయి ఉంచి ఊరకుండెను. 'ఊపిరి వదులు, తొందరేం లేదు' అనెను. అత్తగారు పొయ్యి వెలిగింపలేదు. 'నీళ్లు సరిగా తాగావా అమ్మాయీ, బయటికి వెళ్లొస్తావా?' అని అడిగెను. కోడలు సిగ్గుపడలేదు. కొంతసేపటికి కాలు సడలినది. క్యాలెండరుపై ఒక గీత పడినది. పిల్లలు మేలుకొనలేదు.

వ్యాధి పోలేదు. కాని ఆ ఇంటివారికి నిద్ర దక్కినది. ఆమాత్రపు మేలు మనలో ప్రతివారి చేతిలో నున్నది.